పెళ్ళికి ముందు ఆరు నెలలు



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత మీకు తెలియనిది కాదు. ఇల్లు సంగతి ఇవాళ వదిలేద్దాం. పెళ్ళిలో కూడా పీటల మీద జరిగే తంతు గురించి నేను చెప్పబోవడం లేదు. అది పురోహితుడు గారు చూసుకుంటారు. సంబంధం మాటల్లో పడ్డ రోజుకీ, పందిరికి రాట పాతే రోజుకీ మధ్య వుండే అయిదారు నెలల్లో ఇల్లాలు ఏం అడగాలి, ఏం రాసిపెట్టుకోవాలి, ఎక్కడ నోరు విప్పాలి - అదీ నా విషయం. ఎంచేతంటే, పెళ్ళయ్యాక నాలుగేళ్ళు ఆ ఇంట్లో నెమ్మది వుంటుందా వుండదా అన్నది ఆ నెలల్లోనే తేలిపోతుంది. పెళ్ళి రోజున తేలేది భోజనం రుచి ఒక్కటే.

నా మాటలకి ఎక్కువగా మా నెల్లూరు జిల్లా పడమటి ప్రాంతమే ఆధారం. కావలి పట్నానికి దగ్గర్లో వుంది జలదంకి. అక్కడి నుంచి కలిగిరి, వింజమూరు దాటి ఉదయగిరి కొండ దాకా మెట్ట వూళ్ళు. ఆ వూళ్ళ నుంచి వచ్చి నెల్లూరులో, హైదరాబాదులో, మద్రాసులో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. కాపురం పట్నంలోనే అయినా పెళ్ళి మాత్రం సొంతవూళ్ళో, సొంత మనుషుల మధ్య జరగాలని వాళ్ళ కోరిక. ఆ కోరిక మంచిదే. అయితే దాంతో రెండు వూళ్ళ ఖర్చు, రెండు వూళ్ళ మర్యాదలు నెత్తిన పడతాయి. అది చాలామంది ముందుగా లెక్క కట్టరు.

మొదట తేదీ సంగతి చూద్దాం. పట్నంలో తేదీ అంటే కల్యాణ మండపం ఖాళీగా వుందా లేదా అని చూస్తాం. జలదంకి, చామదల, బ్రాహ్మణక్రాక లాంటి వూళ్ళలో ముందు చూసేది చేతిలో డబ్బు ఎప్పుడు పడుతుందీ అని. చెరువు నిండితే వరి, నిండకపోతే మెట్ట పైరు. పొగాకు వేసినవాళ్ళకి కలిగిరిలో, డి.సి.పల్లిలో పొగాకు బోర్డు వారి వేలం కేంద్రాలున్నాయి. వేలం మొదలై, బేళ్ళు అమ్ముడుపోయి, డబ్బు బ్యాంకులో పడ్డాక గాని ఇంట్లో పెళ్ళి మాట గట్టిగా వినిపించదు. వేసవి ముహూర్తాలకి ఆ వైపు అంత గిరాకీ వుందంటే అది పంచాంగం మహిమ ఒక్కటే కాదు. నెల జీతం మీద బతికే మనం కూడా ఈ పద్ధతి నేర్చుకోదగిందే. డిపాజిట్టు ఎప్పుడు చేతికొస్తుంది, చీటీ ఎప్పుడు ముగుస్తుంది, ఇంకో పిల్లవాడి కాలేజీ ఫీజు ఏ నెలలో కట్టాలి - ఇవి ఒక కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్ళండి. "ఫలానా నెల తర్వాత ముహూర్తం చూడండి" అని మనం చెబితే ఆయన చూస్తారు. ఆయన చెప్పిన తేదీకి మనం డబ్బు వెతుక్కోవడం కంటే అది నయం కదా?

పంచాంగంలో చిక్కులు వుండనే వున్నాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎటూ వదిలేస్తాం. అధిక మాసం వస్తే అదీ పోయింది. 2023లో శ్రావణమే అధికంగా వచ్చింది. మరుసటి ఏడు, 2024 మే, జూన్ నెలల్లో గురు మౌఢ్యమూ శుక్ర మౌఢ్యమూ రావడంతో వేసవి సెలవుల్లో పెళ్ళి చేద్దామనుకున్న వాళ్ళందరికీ ముహూర్తాలే లేకపోయాయి. అట్లాంటి ఏడు మంచి రోజులన్నీ నాలుగైదు వారాల్లో కుప్పపడతాయి. అప్పుడు వంటవాళ్ళు దొరకరు, మేళం దొరకదు, మండపం వాళ్ళు చెప్పిందే అద్దె. కనక ఏడాది ముందే పంచాంగం చూడటం చాదస్తమని అనుకోకండి. అది డబ్బు ఆదా చేసే పని.

మా జిల్లాలో ఇంకొక సంగతి వుంది. రాష్ట్రంలో మిగతా చోట్ల వానలు వెనకబట్టే వేళకి మాకు అసలు వానలు మొదలవుతాయి. కార్తీకం అంటే మాకు తుఫానుల నెల. 2021 నవంబరులో, సరిగ్గా కార్తీకంలోనే, పెన్న పొంగి నెల్లూరు దగ్గర జాతీయ రహదారి తెగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. మద్రాసు నుంచి కావలి వైపు రావలసిన బళ్ళు రాలేదు. అట్లాంటి రోజున పెళ్ళివారు ఏటికి ఆ గట్టున, పెళ్ళికూతురు ఈ గట్టున వుంటే ఏం చేస్తాం? కార్తీకంలో చెయ్యక తప్పకపోతే పెళ్ళివారిని రెండు రోజుల ముందే పిలిపించుకోండి. వంట పందిరికి తాటాకు చాలదు, రేకులు వేయించండి. బియ్యం, పప్పు, నూనె వారం ముందే ఇంటికి చేర్చుకోండి. ఇవన్నీ ఖర్చు కాగితంలోకి ఎక్కాలి.

ఇక తాంబూలాలు మార్చుకునే రోజు. నన్నడిగితే పెళ్ళి రోజు కంటే ముఖ్యమైన రోజు ఇదే. కాని చూడండి, ఆ రోజు ఇంటి ఇల్లాలు ఎక్కడ వుంటుంది? వంటింట్లో. పెద్దమనుషులంతా వసారాలో కూచుంటారు. అబ్బాయి మేనమామ ఒక మాట అంటాడు, మన పెదనాయన గారు దానికి తలూపుతారు. "అన్నీ మాట్లాడుకున్నాం లెండి" అంటూ లేస్తారు. ఏం మాట్లాడుకున్నారో ఇల్లాలికి తెలిసేది ఆ రాత్రి, అందరూ వెళ్ళాక, పక్కలు వేసేటప్పుడు. అప్పటికి మాట ఇచ్చేశారు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం పరువు తక్కువ. అంచేత ఆ మాట నిలబెట్టడానికి ఆమె చేతి గాజులే ముందు బయలుదేరతాయి.

మా బంధువుల ఇంట జరిగింది చెబుతాను. పిల్లవాడి వాళ్ళది హైదరాబాదు, పిల్ల వాళ్ళది జలదంకి దగ్గర పల్లె. "పిల్లకి మీరు పెట్టుకునేదే, ఇరవై పెట్టండి చాలు" అన్నారు అబ్బాయి వైపు వాళ్ళు. సరే అన్నారు వీళ్ళు. మా వైపు బంగారం సవరల్లో లెక్క. సవర అంటే ఎనిమిది గ్రాములు. హైదరాబాదు వాళ్ళు తులాల్లో లెక్క కడతారు. ఇప్పుడు తులం అంటే పది గ్రాములు. ఇరవై సవరలైతే 160 గ్రాములు, ఇరవై తులాలైతే 200 గ్రాములు. నలభై గ్రాముల తేడా! 2025లో మేలిమి బంగారం పది గ్రాములు లక్ష రూపాయలు దాటింది. అంటే ఒక్క మాట విడమరిచి అడక్కపోవడం ఖరీదు నాలుగు లక్షలకు పైమాట. నగలు కొనేదాకా ఆ తేడా ఎవరికీ తోచలేదు. పెళ్ళి ఆగలేదు గాని, ఆ పిల్ల అత్తవారింట అడుగుపెట్టిన మొదటి వారంలోనే "మాట తప్పారు" అన్న మాట పడింది. వాళ్ళు తప్పలేదు, వీళ్ళు అబద్ధం ఆడలేదు. అడగవలసిన మనిషి అక్కడ లేదు, అంతే. బంగారం దుకాణానికి ఎప్పుడూ వెళ్ళేది ఆడవాళ్ళు, బంగారం మాట్లాడేది మాత్రం మగవాళ్ళు!

ఇక్కడే కట్నం మాట కూడా చెప్పాలి. 1961 చట్టం ప్రకారం కట్నం అడగడమే కాదు, పుచ్చుకోవడమూ, ఇవ్వడమూ కూడా నేరమే. ఇచ్చినా పుచ్చుకున్నా అయిదేళ్ళకు తక్కువ కాకుండా జైలు శిక్ష అని 1986 సవరణ చెబుతోంది. "అందరూ ఇస్తూనే వున్నారు గదమ్మా" అంటారు. ఇస్తున్నారు, నిజమే. లాంఛనాలనీ, ఆడపడుచు మర్యాదలనీ, కారు తాళాలనీ పేర్లు మార్చి ఇస్తున్నారు. మా అవ్వల కాలంలో మెట్ట వూళ్ళ కష్టజీవుల ఇళ్ళలో మగపెళ్ళివారే పిల్లకి ఓలి ఇచ్చేవాళ్ళని పెద్దలు చెప్పుకునేవారు. రెండు మూడు తరాల్లో ఆ డబ్బు దారి తిరిగి ఇటు నుంచి అటు నడిచింది. ఒకసారి దారి తిరిగింది మరొకసారి తిరగదని ఏముంది? అడిగిన చోట పిల్లనివ్వకుండా వుండగలిగితే అంతకంటే కావలసింది లేదు. కనీసం మాటల రోజున తల్లి అక్కడ కూచుని, "ఈ మాటకి అర్థం ఏమిటి, ఎంత, ఎవరి పేరున?" అని అడిగితే చాలా పేర్లు వూడిపోతాయి.

అంచేత నేను చెప్పవచ్చినదేమిటంటే, తాంబూలాల కంటే కనీసం పది రోజుల ముందు భార్యాభర్తలిద్దరూ, పెద్దపిల్లలుంటే వాళ్ళూ, అన్నిటికంటే ముందు పెళ్ళి కావలసిన అమ్మాయీ ఒక సాయంత్రం కూచోవాలి. ఒక నోటుపుస్తకం కావాలి. కుడివైపు పేజీలో ఖర్చు రాయండి, ఎడమవైపు ఆ ఖర్చుకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాయండి. ఎడమవైపు ఖాళీగా వుండిపోయిన ప్రతి పంక్తీ అప్పు కిందికి వస్తుంది. మామూలుగా మనం కుడివైపు ఒక్కటే రాస్తాం, అదీ పెళ్ళి అయ్యాక.

ఆ అప్పు ఎట్లాంటిదో కాస్త చూద్దాం. మా వైపు వడ్డీ "నూటికి రెండు రూపాయలు" అంటారు. వినడానికి ఎంత చిన్నగా వుందో! ఆ రెండు రూపాయలు నెలకి. అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. అయిదు లక్షలు తెస్తే నెలకి పదివేలు వడ్డీయే. ఏడాదికి లక్షా ఇరవై వేలు. మూడేళ్ళు అసలు ముట్టుకోకపోతే మూడు లక్షల అరవై వేలు కట్టి కూడా అయిదు లక్షలు అట్లాగే వుంటుంది. పొగాకు ధర ఒక ఏడు పడిపోయిందంటే అసలు తీరే దారే వుండదు, చేను అమ్మకానికి వస్తుంది. ఆ చేను మీదే రెండోపిల్ల పెళ్ళి ఆధారపడి వుంటుంది. పట్నంలో మనకి చేను లేదు గాని, ఇంటి స్థలం వుంది, మెడలో గొలుసు వుంది, కొడుకు చదువు వుంది.

తప్పనిసరి అయితే దారులు వెతకండి. భర్తది ఉద్యోగమైతే భవిష్యనిధిలోంచి పిల్లల పెళ్ళికి కొంత తీసుకోవచ్చు. 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతా కూతురి పేరున వుంటే, ఆమెకి పద్దెనిమిది నిండాక పెళ్ళి కారణంగా దాన్ని ముగించి డబ్బు తీసుకోవచ్చు. కాని పెళ్ళికి నెల ముందు నుంచి, పెళ్ళయ్యాక మూడు నెలల లోపు మాత్రమే ఆ వీలు. ఈ సంగతి తెలియక ఆర్నెల్లు ముందే పోస్టాఫీసుకి వెళ్ళి వట్టిచేతులతో తిరిగొచ్చిన వాళ్ళున్నారు. నగ పెట్టి బ్యాంకులో తెచ్చుకునే అప్పు కూడా వూరి వడ్డీ కంటే చాలా నయం.

"ఈ లెక్కలన్నీ మనకెందుకు, ఆయన చూసుకుంటారు" అనే సోదరీమణులు వుంటారు. వాళ్ళకి మా ప్రాంతం ఆడవాళ్ళ కథ చెబుతాను. కలిగిరి మండలంలో దూబగుంట అని ఒక పల్లె. అక్కడి ఆడవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకోవడం మొదలుపెట్టారు. అక్షరాలతోబాటు ఇంటికొచ్చే కూలి ఎంత, అందులో సారా దుకాణానికి పోయేది ఎంత అన్న లెక్కా వచ్చింది. 1991, 92 సంవత్సరాల్లో దూబగుంట రోశమ్మ గారి లాంటి వాళ్ళు ముందు నిలబడి సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అయింది. ఆ తర్వాత సంగతి చాలామందికి గుర్తుండదు. అదే నెల్లూరు జిల్లాలో అదే ఆడవాళ్ళు, మిగిలిన ఆ డబ్బుతో రోజుకొక్క రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. దానికి పొదుపులక్ష్మి అని పేరు. రోజుకి రూపాయి అంటే నెలకి ముప్ఫై. అది మన పాలవాడి బిల్లులో చిల్లర. కాని ఆ ముప్ఫై రూపాయలతో వాళ్ళకి ఒక బ్యాంకు పుస్తకం వచ్చింది, నెలకోసారి కూచుని "ఎవరికి ఎంత అప్పు ఇద్దాం, దేనికి ఇద్దాం, ఎట్లా తీరుస్తుంది" అని మాట్లాడుకునే అలవాటు వచ్చింది. కూతురి పెళ్ళికి అప్పు కావాలని సంఘంలో అడిగితే మిగతా ఆడవాళ్ళు వూరికే వుండరు. "ఎంత మందికి పెడతావే? అంతమందికి ఎందుకే? నీ మొగుడేమంటన్నాడు?" అని నిలదీస్తారు. ఆ నిలదీసేవాళ్ళు పట్నంలో మనకి లేరు. డిగ్రీలున్నాయి గాని ఆ పంచాయితీ లేదు. మన నోటుపుస్తకమే మనల్ని నిలదియ్యాలి.

సరే, బంగారం మళ్ళీ కాస్త. ఒకేసారి కొనవద్దు. ఆరు నెలలున్నాయి గనక రెండు మూడు సార్లుగా కొనండి. ధర పెరిగినా తగ్గినా దెబ్బ ఒక్కచోట పడదు. 2023 ఏప్రిల్ ఒకటి నుంచి హాల్‌మార్కు నగ మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తు వుండి తీరాలి. 22 క్యారెట్లకి 916 అని వుంటుంది. ఆ గుర్తు బి.ఐ.ఎస్. వారి యాప్‌లో కొడితే నగ వివరం కనిపిస్తుంది. ఫోనులో సీరియళ్ళు చూసే మనకి ఇది ఒక లెక్క కాదు. గ్రాము ధర అన్నిచోట్లా దాదాపు ఒకటే. తేడా అంతా తరుగులో, మజూరీలో వుంటుంది. బేరం అక్కడ చెయ్యండి. రాళ్ళ నగకి రాళ్ళ బరువు తీసివేసి బిల్లు వెయ్యమనండి. ఆ బిల్లులు పారెయ్యవద్దు, వాటితో తర్వాత పని వుంది.

బట్టల సంగతి తొందరగా ముగిస్తాను, ఎంచేతంటే ఈ విషయంలో మీకు నేను చెప్పేది ఏమీ లేదు! ఒక్కటే - ఎవరెవరికి చీరలు పెట్టాలో పేర్లు రాసి, ఇద్దరు పెద్దవాళ్ళకి చూపించి, ఆ తర్వాత బజారుకి వెళ్ళండి. పెళ్ళికి రెండు రోజుల ముందు "చిన్నత్తమ్మ ఆడపడుచుకి పెట్టలేదు" అన్న గొడవ అప్పుడు రాదు. వెంకటగిరి నేత చీర కావాలంటే మాత్రం మగ్గం మీద దానికి పట్టే రోజులు పడతాయి, ముందే చెప్పుకోవాలి. తాంబూలంతో ఇచ్చే చిన్న వస్తువుకి ప్లాస్టిక్ డబ్బాల బదులు ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చూడండి. అవి పొయ్యి మీద కూరలోకి పనికొస్తాయి, ఆ చేతిపనివాళ్ళ ఇంట నాలుగు రోజులు పని వుంటుంది.

భోజనాల దగ్గరే అసలు డబ్బు కరిగేది. పిలుపుల జాబితా మూడు సార్లు రాయండి. మొదటిసారి తోచిన వాళ్ళందరినీ రాస్తారు. వారం ఆగి రెండోసారి చూస్తే, అయిదేళ్ళుగా మనం వాళ్ళింటికి వెళ్ళని పేర్లు, వాళ్ళు మనింటికి రాని పేర్లు కనిపిస్తాయి. మూడోసారి వియ్యపురాలిని అడిగి వాళ్ళ సంఖ్య చేర్చండి. "మీవాళ్ళు ఎంతమంది వస్తారు వదినగారూ?" అని అడగడం తప్పు కాదు, అడక్కపోవడమే తప్పు. నా అంచనాలో విందు భోజనానికి మనిషికి నూరు నుంచి నూట పాతిక గ్రాముల బియ్యం సరిపోతాయి. పులిహోర, తీపి ఎక్కువైతే అన్నం ఇంకా తగ్గుతుంది. వెయ్యిమందికి నూట పాతిక కిలోలకు మించి వండిస్తే ఆ మిగిలింది గోతిలోకే. ఒకప్పుడు నెల్లూరు మొలగొలుకుల అన్నం పెట్టారంటే అదే విందు. ఇప్పుడు ముప్ఫై రకాలు వడ్డిస్తే గాని విందు అనిపించుకోవడం లేదు. ఆకులో మూడో రకం దాటాక తిన్నవాడికి ఏం తిన్నాడో గుర్తుండదు. వదిలేసిన ఆకులు ఎత్తే మనిషిని అడగండి, ఏ కూర ఎవరూ ముట్టలేదో ఆమె చెబుతుంది. వంటవాడి కంటే ఆమె మాటకే నేను విలువ ఇస్తాను.

వూళ్ళో పెళ్ళికి ఇంకో లెక్క వుంది. వూరందరికీ పెట్టే భోజనం వేరు, పెళ్ళివారికి పెట్టే భోజనం వేరు అని చూడకూడదు. పట్నం నుంచి వెళ్ళిన వాళ్ళు తమ స్నేహితులకి బల్లలు, కుర్చీలు వేయించి, వూళ్ళో పనిచేసే వాళ్ళకి పందిరి వెనకాల వడ్డించడం నేను చూశాను. ఆ వూరి ఆడవాళ్ళే కదా పసుపు దంచింది, ముగ్గులు పెట్టింది! డబ్బు చాలకపోతే రకాలు తగ్గించండి గాని పంక్తులు రెండు చెయ్యవద్దు.

పెళ్ళి ఇంటి ముందరా, కావలి మండపంలోనా, గుడిలోనా అన్నది మీ ఇష్టం. ఇంటి ముందర పందిరి చవక అనుకుంటారు. షామియానా, గిన్నెలు, నీళ్ళ ట్యాంకరు, జనరేటరు, పట్నం చుట్టాలకి కావలిలో బస - అన్నీ కలిపి రాస్తే ఆ చవక ఎక్కడుందో తెలుస్తుంది. మండపానికి బయానా ఇచ్చేటప్పుడు రసీదు మీద ఏయే గంటల నుంచి ఏయే గంటల దాకా, కరెంటు బిల్లు ఎవరిది, చెత్త ఎవరు ఎత్తాలి అన్నవి రాయించుకోండి. మొక్కులుంటే అవీ తేదీల్లో ఇమడాలి. మాలకొండ నరసింహస్వామి గుడి వారానికొక్క శనివారమే తెరుస్తారు. మొదటి శుభలేఖ అక్కడ పెట్టాలనుకునేవారు ఆ శనివారం చూసుకునే కార్డులు అచ్చు వేయించాలి.

ఇప్పుడు చదివింపులు. మా వైపు పెళ్ళి పందిట్లో ఒక మూల బల్ల వేసుకుని ఇద్దరు కూచుంటారు. ఒకరు డబ్బు తీసుకుంటారు, ఒకరు రాస్తారు. "ఫలానా వారు, ఫలానా వూరు, ఇంత" అని పైకి చదువుతారు. పట్నం పిల్లలకి ఇది నామోషీగా తోస్తుంది. కవరులో పెట్టి స్టేజి మీద ఇస్తే మర్యాదగా వుంటుందంటారు. వుంటుందేమో గాని, ఈ బల్లని నేను చిన్నచూపు చూడలేను. ఇది పాతకాలపు వడ్డీలేని చీటీ. ఒక ఇంట పెళ్ళి అంటే వూరంతా తలా కొంచెం వేసి ఎత్తుతుంది. వాళ్ళింట పెళ్ళప్పుడు ఆ పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా వీళ్ళు వేస్తారు. అందుకే ఆ పుస్తకాలు ఇనప్పెట్టెల్లో తరతరాలు దాస్తారు. పట్నం వచ్చిన మనం ఆ పుస్తకం మరిచిపోయి, చీటీ పాడుకుని వాయిదాలు ఎగ్గొట్టినవాళ్ళ లాగా తయారయ్యాం. కనక పెళ్ళికి నాలుగు నెలల ముందే అత్తగారిని అడిగి ఆ పాత పుస్తకం తీయించండి. మీరు ఎవరికి బాకీ, మీకు ఎవరు బాకీ అన్నది తెలుస్తుంది. పిలవడం మరిచిపోయిన పేర్లూ అందులోనే దొరుకుతాయి. అయితే ఒక్క జాగ్రత్త. చదివింపులు ఇంత వస్తాయని ముందే లెక్కవేసి ఖర్చు పెంచకండి. అది చెట్టు మీది కాయ.

ఆ బల్ల దగ్గర ఇంకొక పుస్తకం కూడా వుండాలి. ఇది ఆచారం కాదు, చట్టం. వధూవరులకి వచ్చిన కానుకల జాబితాలు రాసి వుంచాలని 1985లో నియమాలు వచ్చాయి. పెళ్ళి సమయంలోగాని, అయిన వెంటనేగాని రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం వుంటే ఏమవుతారో - ఇవన్నీ రాసి, వధువూ వరుడూ ఇద్దరూ సంతకాలు పెట్టాలి. వధువుకి వచ్చిన వాటి జాబితా వధువు దగ్గరే వుంటుంది, వరుడిది వరుడి దగ్గర. ఇంత సులువైన పని ఎన్ని ఇళ్ళలో చేస్తున్నారు? వీడియోకి లక్షలు ఇస్తాం, ఒక అరఠావు కాగితం రాయం.

"పెళ్ళి పందిట్లో సంతకాలేమిటమ్మా, అపశకునం" అంటారు. మరి చదివింపులు రాయడం అపశకునం కాలేదే! పిల్లకి పెట్టింది పిల్లదే. అత్తవారింటి బీరువాలో దాచినా, మామగారి చేతిలో పెట్టినా స్త్రీధనం ఆమె సొత్తేననీ, అది తిరిగివ్వకపోతే నేరం అవుతుందనీ 1985లో సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో చెప్పింది. పెళ్ళిలో కట్నం కింద ఏదన్నా వేరొకరి చేతికి వెళ్ళినా మూడు నెలల్లో అది అమ్మాయికి అప్పగించాలని కట్న నిషేధ చట్టమే చెబుతోంది. కాని ఏం పెట్టారో కాగితం లేకపోతే ఏం చూపిస్తాం? ఫొటోలో గొలుసు కనిపిస్తుంది, దాని బరువు కనిపించదు. అందుకే ఇందాక నగల బిల్లులు పారెయ్యవద్దన్నాను. వియ్యంకుడు మంచివాడైతే ఈ జాబితా వల్ల ఆయనకీ మేలే, రేపు ఎవరూ ఆయన మీద లేనిపోని మాట అనలేరు. తాంబూలాల రోజునే నవ్వుతూ చెప్పేయండి: "మా ఇంట కానుకలకి జాబితా రాసే అలవాటు వుంది వదినగారూ, రెండు వైపులా రాద్దాం." ఆ మాటకి వాళ్ళ ముఖం ఎట్లా మారుతుందో చూడటం కూడా మీకు ఒక లెక్కే.

అమ్మాయి గురించి చివర్లో చెబుతున్నాను గాని, ఆమె చివరిది కాదు. ఈ ఆరు నెలల్లో ఇంట్లో అందరూ మాట్లాడతారు, ఆమె మాత్రం దర్జీకి కొలతలు ఇవ్వడానికీ, ఫొటోలకీ పిలిస్తే వస్తుంది. ఆమెకి పరీక్షలుంటే తేదీ అటూ ఇటూ జరగదా? ఉద్యోగం వుంటే పెళ్ళయ్యాక ఏ వూళ్ళో కాపురం, ఆ ఉద్యోగం సంగతేమిటి, జీతం ఎవరి చేతిలో - ఇవి తాంబూలాల నాటికే ఆమె నోటితో అబ్బాయిని అడగనివ్వండి. నోటుపుస్తకం ముందు కూచోబెడితే ఆమే కొన్ని ఖర్చులు కొట్టేస్తుంది. "ఈ పూల స్టేజీ వద్దమ్మా, ఆ డబ్బు నా పేరున వెయ్యి" అన్న పిల్లలు నాకు తెలుసు. ఆ పంక్తిని కుడివైపు నుంచి తీసి ఎడమవైపు రాయడంలో తల్లికి వుండే సంతోషం ఇంకొకటి వుంటుందనుకోను.

పెళ్ళయిన మూడో రోజున, చుట్టాలు పూర్తిగా కదలకముందే, అందరి లెక్కలూ తీర్చెయ్యండి. వంటవాళ్ళకి, మేళానికి, ఆకులెత్తిన ఆమెకి ముందు. గిన్నెలు లెక్కపెట్టి అప్పగించి రసీదు తీసుకోండి. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం పెళ్ళి నమోదు తప్పనిసరి. శుభలేఖ, పెళ్ళి ఫొటో, వయసు రుజువు కాగితాలు ఒక సంచీలో వేసి వుంచండి. పదహారు రోజుల పండగకి పిల్లా అల్లుడూ వచ్చినప్పుడే ఆ పని ముగించవచ్చు. సంతకాలైన కానుకల జాబితా అమ్మాయి దగ్గర వుంటుంది, నకలు ఒకటి మీ బీరువాలో, నగల బిల్లులతో కలిపి పెట్టుకోండి.